దూరం వేరు, టైము వేరు: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు దాకా విమానం లెక్క



హాస్టలు మీదుగా విమానం పోతే మనమందరం తల ఎత్తి చూస్తాం. తెల్ల గీత ఒకటి కాసేపు ఉండి కరిగిపోతుంది. చిన్న తరగతుల పిల్లలు "అక్కా, అమెరికా ఎంత దూరం? ఎన్ని గంటలు పడతది?" అని అడుగుతుంటారు. వినడానికి ఇది ఒకటే ప్రశ్న లాగా ఉంటుంది గానీ ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఎంత దూరం అనేది ఒకటి. ఎంత టైము అనేది ఇంకొకటి. దూరం ఎక్కువైతే టైము కూడా ఎక్కువ కావాలి అనుకుంటాం. అన్నిసార్లూ అట్లా కాదు. ఎందుకు కాదో లెక్కలతో చెబుతాను. లెక్కలంటే భయపడకండి, గుణకారం వస్తే చాలు.

మనం తీసుకునే రెండు ఊళ్లు

ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో. ఇది అమెరికాకు పడమటి ఒడ్డున, పసిఫిక్ మహాసముద్రం పక్కన ఉంది. ఆ చుట్టుపక్కల కంప్యూటర్ కంపెనీలు ఎక్కువ. మన తెలుగువాళ్లు చాలామంది అక్కడ పని చేస్తున్నారు. రెండోది మన దేశంలోని బెంగళూరు.

ఈ రెండు ఊళ్లే ఎందుకంటే, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి మొదటిసారి ఈ రెండింటి మధ్య ఎక్కడా ఆగకుండా వచ్చింది. అది బోయింగ్ 777 విమానం. దాన్ని నడిపిన పైలట్లు నలుగురూ ఆడవాళ్లే. వాళ్లు కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనవారే, కెప్టెన్ శివాని మన్హాస్. జోయా అగర్వాల్ గారు అందరికీ పెద్ద. వాళ్లు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. గ్లోబు నెత్తి మీద మేకు ఉంటుంది చూడండి, అక్కడి నుంచి అన్నమాట.

బెంగళూరుకు రావాల్సిన వాళ్లు మంచు సముద్రం మీదికి ఎందుకు పోయారు? దారి తప్పారా? లేదు. అది అడ్డదారి.

దూరం ఎట్లా కొలవాలి?

మన తరగతి గోడకు ప్రపంచ పటం ఉంది. అందులో అమెరికా ఎడమ చేతి వైపు, ఇండియా కుడి చేతి వైపు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత అట్లాంటిక్ మహాసముద్రం దాటి, ఆఫ్రికాలోని సహారా ఎడారి మీదుగా, అరేబియా సముద్రం దాటి వస్తుంది. ఆ గీత వెంటే విమానం వస్తే సుమారు 20,000 కి.మీ. పడుతుంది.

కానీ పటం బల్లపరుపుగా ఉంటుంది, భూమి గుండ్రంగా ఉంటుంది. బత్తాయి తొక్క ఒలిచి బల్ల మీద పరవండి. ఎక్కడో ఒకచోట చిరగాలి, లేకపోతే లాగాలి. భూమిని పటంగా గీసేటప్పుడు కూడా అట్లాగే లాగుతారు. ధ్రువాల దగ్గర మరీ ఎక్కువ లాగుతారు. అందుకే పటం మీద స్కేలు గీత తిన్నగా కనిపించినా అది దగ్గర దారి కాదు.

దగ్గర దారి తెలియాలంటే గ్లోబు, దారం కావాలి. సైన్సు రూములోని గ్లోబు నడుము చుట్టూ దారం చుట్టి కొలిస్తే సుమారు 100 సెం.మీ. వచ్చింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. అంటే గ్లోబు మీద 1 సెం.మీ. నేల మీద 400 కి.మీ. ఇప్పుడు దారం ఒక కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి, ఇంకో కొస బెంగళూరు మీద పెట్టి బిగించి లాగండి. దారం తనంతట తానే పైకి జరుగుతుంది. అలాస్కా మీదుగా పోయి, రష్యాలోని సైబీరియా మీదుగా, చైనా మీదుగా మన దేశంలోకి దిగుతుంది. కొలిస్తే 35 సెం.మీ.

35 × 400 = 14,000 కి.మీ.

ఎయిర్ ఇండియా వాళ్లు చెప్పిన దూరం 13,993 కి.మీ. మన దారం లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి! పటం మీద గీసిన గీత కన్నా 6,000 కి.మీ. తక్కువ. కొండ చుట్టూ తిరిగే బండి బాట ఒకటి, కొండ మీదుగా పోయే కాలిబాట ఒకటి ఉంటే మన పెద్దవాళ్లు ఏది ఎంచుకుంటారో మనకు తెలుసు. ఇదీ అంతే.

ధ్రువం మీదుగా వస్తే ఎంత?

దీనికి దారం కూడా అక్కర్లేదు. అక్షాంశాలు తెలిస్తే చాలు. ఒక డిగ్రీ అక్షాంశానికి నేల మీద సుమారు 111 కి.మీ. భూమధ్యరేఖ 0 డిగ్రీలు, ఉత్తర ధ్రువం 90 డిగ్రీలు.

శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువానికి ఇంకా 90 − 38 = 52 డిగ్రీలు.
52 × 111 = 5,772 కి.మీ.

బెంగళూరు సుమారు 13 డిగ్రీల మీద ఉంది. ధ్రువం నుంచి దిగి రావడానికి 90 − 13 = 77 డిగ్రీలు.
77 × 111 = 8,547 కి.మీ.

రెండూ కలిపితే 14,319 కి.మీ.

అంటే అన్నిటికన్నా దగ్గర దారి కంటే సుమారు 300 కి.మీ. మాత్రమే ఎక్కువ. విమానానికి 300 కి.మీ. అంటే 20 నిమిషాల పని. మరి ఆ 20 నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవాలి? దానికి జవాబు గాలిలో ఉంది. ముందు టైము లెక్క చూద్దాం.

టైము ఎంత?

పెద్ద విమానం పైకెక్కాక గంటకు సుమారు 900 కి.మీ. పోతుంది.

14,000 ÷ 900 = 15.5

అంటే పదిహేనున్నర గంటల్లో రావాలి. కానీ ఆ మొదటి విమానానికి 17 గంటలకు కొంచెం పైనే పట్టింది. మిగతా గంటన్నర ఎక్కడికి పోయింది?

మొదటి సంగతి, విమానం గాలిలోకి లేచీ లేవగానే 900 స్పీడు అందుకోదు. నిండా ఇంధనంతో బరువుగా ఉంటుంది. ఇంత దూరం రావడానికి లక్ష లీటర్లకు పైగా ఇంధనం నింపాలి. మెల్లగా ఎక్కుతుంది. దిగేటప్పుడు కూడా స్పీడు తగ్గించుకుంటూ దిగుతుంది.

రెండో సంగతి, ఏ విమానమూ సరిగ్గా దారం వెంట రాదు. ఏ దేశం ఆకాశంలోకి పోవాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల పక్కకు తిరగాలి. ఇంజను ఆగిపోతే దిగడానికి దారిలో విమానాశ్రయం అందుబాటులో ఉండేటట్టు చూసుకోవాలి.

మూడో సంగతి చలి. అంత ఎత్తులో బయట గాలి సున్నాకు 50, 60 డిగ్రీలు కిందికి ఉంటుంది. ధ్రువం వైపు ఇంకా కిందికి పోవచ్చు. విమాన ఇంధనం రకాన్ని బట్టి సున్నాకు 40 నుంచి 47 డిగ్రీలు కిందికి పోతే గడ్డ కట్టడం మొదలవుతుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డ కట్టినట్టు అన్నమాట. అందుకని పైలట్లు ఇంధనం ఎంత చల్లబడిందో చూసుకుంటూ ఉంటారు. మరీ చల్లబడితే గాలి కొంచెం వెచ్చగా ఉండే ఎత్తుకు దిగుతారు, లేకపోతే దారి మార్చుకుంటారు. పైగా జనవరిలో ఉత్తర ధ్రువం దగ్గర పొద్దు పొడవదు. అక్కడ ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. ఆ నలుగురు ఆ చీకటిలో నుంచే విమానాన్ని తెచ్చారు.

ఆకాశంలో ఏరు

నాలుగో సంగతి గాలి. ఇది అన్నిటికన్నా పెద్దది.

గోదావరి మీద పడవ ఎక్కిన వాళ్లకు ఇది చెప్పాల్సిన పనే లేదు. ఏటి వాలుకు పోతే పడవ తొందరగా పోతుంది. ఏటికి ఎదురు పోతే అదే పడవ, అదే దూరం, ఎక్కువ సేపు పడుతుంది. ఆకాశంలో కూడా సుమారు 10 కి.మీ. ఎత్తున గాలి ఏరు లాగా పారుతుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. ఇది పడమర నుంచి తూర్పుకు పారుతుంది. దీని స్పీడు గంటకు 150, 200 కి.మీ. కూడా ఉంటుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఈ గాలి ధ్రువం దగ్గర కంటే కింది అక్షాంశాల్లో బలంగా ఉంటుంది. అమెరికా నుంచి అలాస్కా, సైబీరియా దారిలో రావడమంటే పడమరకు రావడం, అంటే ఏటికి ఎదురు రావడం. గాలి ఎదురు కొట్టే రోజున 300 కి.మీ. ఎక్కువైనా ధ్రువం మీదుగా రావడమే మేలు కావచ్చు. అందుకే పైలట్లు బయల్దేరే ముందు ఆ రోజు గాలి లెక్క చూసి దారి ఎంచుకుంటారు. నిన్నటి దారి ఈ రోజు దారి కాకపోవచ్చు.

దీనికి గట్టి ఉదాహరణ ఒకటి ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానం మొదట అట్లాంటిక్ మీదుగా, అంటే పడమరకు పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. కొత్త దారి 15,000 కి.మీ. దాటింది. పాత దారి కన్నా 1,000 కి.మీ.కు పైగా ఎక్కువ. అయినా విమానం సుమారు పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారి కన్నా దాదాపు 2 గంటలు తక్కువ! ఎందుకంటే గాలి వెనక నుంచి తోసింది. 15,000ను 14.5తో భాగించి చూడండి. గంటకు 1,000 కి.మీ. కన్నా ఎక్కువ వస్తుంది.

దూరం పెరిగింది, టైము తగ్గింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

దారి మూసేస్తే

దూరం మారకుండా టైము పెరగడం కూడా ఉంది. ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి, జపాన్‌లో టోక్యో. గ్లోబు మీద దారం పెడితే ఈ రెండింటి మధ్య దారి రష్యా మీదుగా వస్తుంది. ఫిన్‌ఎయిర్ విమానాలు ఆ దారిలో సుమారు 9 గంటల్లో పోయేవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని యూరప్ విమానాలకు మూసేసింది. అప్పటి నుంచి అవి చుట్టు తిరిగి, ఉత్తర ధ్రువం మీదుగా పోవాల్సి వచ్చింది. సుమారు 13 గంటలు పట్టింది. హెల్సింకి కదల్లేదు, టోక్యో కదల్లేదు. మధ్యలో దారి పోయింది. వాగు పొంగిన రోజున మనకు అవతలి ఊరు దూరమైనట్టే ఇది కూడా.

గడియారం చేసే తమాషా

ఆ విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి 9 రాత్రి 8:30కి బయల్దేరింది. బెంగళూరులో జనవరి 11 తెల్లవారుజామున 3 గంటలు దాటాక దిగింది. తేదీలు చూస్తే రెండు రోజులు పట్టినట్టుంది. కానీ పట్టింది 17 గంటలే. ఎట్లా?

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశం టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన పెట్టారు. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో టైము 120 డిగ్రీల పడమటి రేఖాంశం లెక్కన పెట్టారు.

82½ + 120 = 202½ డిగ్రీలు
202½ ÷ 15 = 13½ గంటలు

అంటే చలికాలంలో వాళ్ల కన్నా మనం పదమూడున్నర గంటలు ముందు ఉంటాం. ఎండాకాలంలో వాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకుంటారు, అప్పుడు తేడా పన్నెండున్నరే. వాళ్లకు 9వ తేదీ రాత్రి 8:30 అయినప్పుడు మనకు 10వ తేదీ పొద్దున 10 గంటలు. అక్కడి నుంచి 17 గంటలు లెక్క పెట్టండి. 11వ తేదీ తెల్లవారుజాము 3 వస్తుంది. లెక్క సరిపోయింది కదా! అందులో కూర్చున్న వాళ్లకు 10వ తేదీ మొత్తం ఆకాశంలోనే గడిచిపోయింది. ఎవరికైనా 10న పుట్టినరోజు ఉంటే నేల మీద చేసుకునే యోగం లేదు.

ఇప్పుడు మన లెక్క

ఇదంతా మనకెందుకు, మనం విమానం ఎక్కామా అని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం ఇది చదివాక మా గూడెం గుర్తొచ్చింది.

మా అమ్మకు, నాయనకు కిలోమీటర్ల లెక్క తెలీదు. వాళ్లు బడికి పోలేదు. "సంత ఎంత దూరం?" అంటే "కోడి కూసినప్పుడు బయల్దేరితే పొద్దు చెట్టు మీదికి వచ్చేసరికి పోతం" అంటారు. ఇదివరకు ఎవరైనా నవ్వుతారేమో అనుకునేదాన్ని. కానీ ఆలోచిస్తే పైలట్లు చేసేది కూడా అదే. ఎన్ని గంటలు అనేది చూస్తారు, దాన్ని బట్టి ఇంధనం పోస్తారు, దాన్ని బట్టి దారి ఎంచుకుంటారు. దూరాన్ని టైముతో చెప్పడం చదువు రాని లెక్క కాదు, పనికొచ్చే లెక్క.

మా గూడెం నుంచి తారు రోడ్డుకు 9 కి.మీ. రెండు వాగులు, ఒక గుట్ట దాటాలి. ఉత్త చేతులతో నడిస్తే రెండున్నర గంటలు. డోలీలో మనిషిని మోసుకొస్తే 4 గంటలు. ఆ 4 గంటల్లో విమానం 3,600 కి.మీ. పోతుంది. రోడ్డు నుంచి ఆస్పత్రికి ఇంకో 12 కి.మీ. రెండూ కలిపి కాగితం మీద 21 కి.మీ. 21 చూసిన వాళ్లకు దగ్గరే కదా అనిపిస్తుంది. పోయిన వానాకాలం మా చిన్నమ్మను డోలీలో తెస్తుంటే రెండో వాగు దాటనివ్వలేదు. ఇప్పచెట్టు కింద బిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు, అది మా అదృష్టం. ఆ రోజు మాకు ఆస్పత్రి 21 కి.మీ. దూరంలో లేదు. ఆ రోజు దానికి దారే లేదు.

వార్డెన్ మేడం గార్లకు ఒక మనవి. మన ఔటింగ్ రిజిస్టరులో "ఊరు ఎంత దూరం" అని ఒక గడి ఉంది. అందులో కి.మీ. మాత్రమే రాస్తున్నాం. బస్సు రోడ్డు మీద 60 కి.మీ. దూరం ఉన్న అమ్మాయి రెండు గంటల్లో ఇంటికి పోయి అమ్మ చేతి అన్నం తింటుంది. 18 కి.మీ. దూరం ఉన్న అమ్మాయి ఆటో దిగి, నడిచి, చీకటి పడ్డాక చేరుతుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ బయల్దేరాలి. ఆ గడి పక్కన "ఎన్ని గంటలు" అని ఇంకో గడి గీస్తే బాగుంటుంది. వానాకాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి వేరుగా రాస్తే ఇంకా మంచిది. ఎవరిని ముందు పంపాలో, ఎవరికి ఒక పూట ఎక్కువ ఇవ్వాలో అప్పుడు మీకే తెలుస్తుంది. గడులు గీసే పని మేమే చేస్తాం.

మీరు చేయండి

1. ఢిల్లీ సుమారు 28½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగా ఢిల్లీకి ఎన్ని కిలోమీటర్లు?

2. చలికాలంలో ఒక విమానం బెంగళూరులో మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరి 16 గంటలు ఎగిరితే, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అక్కడ టైము ఎంత? తేదీ ఏది? జవాబు చూసి ఆశ్చర్యపోతారు.

3. మీ ఊరి నుంచి హాస్టలుకు ఎన్ని కి.మీ.? ఎండాకాలం ఎన్ని గంటలు? వానాకాలం ఎన్ని గంటలు?

మొదటి రెండింటి జవాబులు వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను. మూడోదాని జవాబు మీ దగ్గరే ఉంది. ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించి గళ్లు గీశాను. పక్కనే పెన్సిలు దారంతో కట్టి ఉంది. ప్రతి ఒక్కరూ పేరు, ఊరు, కి.మీ., గంటలు రాయండి. ఆరో తరగతి చెల్లెళ్లకు చెయ్యి అందకపోతే పెద్దక్కలు రాసి పెట్టండి.

— 9వ తరగతి విద్యార్థిని